తప్పు తాళంచెవి

అబిడ్స్ జీపీఓ నుంచి నిజాం కాలేజీ వైపు నడుస్తుంటే మధ్యలో తగిలేది గన్‌ఫౌండ్రీ. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో నిజాం కొలువులోని ఫ్రెంచి సేనాని రేమండ్ ఇక్కడ ఫిరంగులు పోత పోయించాడు. ఉర్దూలో ఆ చోటు పేరు తోప్ కా సాంచా. ఫిరంగుల కార్ఖానా మూతపడ్డాక చాలా కాలానికి ఈ పేటలోకి ఒక బ్యాంకు వచ్చింది. 1941లో నిజాం ప్రభుత్వం చట్టం చేసి పెట్టిన హైదరాబాద్ స్టేట్ బ్యాంకు, 1942 ఏప్రిల్ 5న గన్‌ఫౌండ్రీలో తలుపులు తెరిచింది. ఉస్మానియా సిక్కాకూ బ్రిటిష్ ఇండియా రూపాయికీ మధ్య మారకం చూసుకోవడం దాని పనుల్లో ఒకటి. 1956లో రిజర్వు బ్యాంకు చేతికి వెళ్ళి స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ అయింది. 2017 ఏప్రిల్ 1న స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో కలిసిపోయింది.

రెండు కంప్యూటర్లు ఒకదాన్నొకటి ఎలా గుర్తుపడతాయో చెప్పాల్సిన అధ్యాయం ఇది. దాన్ని బ్యాంకు దగ్గర మొదలుపెట్టడానికి కారణం ఉంది. ఎదుటివాడు కంటికి కనపడనప్పుడు వాడు వాడేనా అని తేల్చుకోవడం కంప్యూటర్లు రాకముందే బ్యాంకుల నెత్తిన పడిన పని. చెక్కు వస్తే సరే, దాని మీద సంతకం ఉంటుంది. గుమాస్తా స్పెసిమన్ కార్డు తీసి పక్కన పెట్టి పోలుస్తాడు, తేడా ఉంటే వెనక్కి పంపుతాడు. టీటీ, అంటే టెలిగ్రాఫిక్ ట్రాన్స్‌ఫర్, అలా కాదు. ఒక ఊళ్ళో డబ్బు కట్టించుకుని ఇంకో ఊరి బ్రాంచికి ‘ఫలానా వారికి ఇంత ఇవ్వండి’ అని తంతి కొడతారు. తంతికి సంతకం ఉండదు. మధ్యలో ఎవడైనా ఒక సున్నా చేర్చినా కాగితం మీద ఆనవాలు మిగలదు.

అందుకని బ్యాంకులు ప్రతి టీటీకి ఒక రహస్య సంఖ్య జతచేసేవి. అదెలా నడిచేదో నేను కల్పించిన అంకెలతో చూపిస్తాను. రెండు బ్రాంచీల దగ్గరా, బీరువాలో తాళం వేసి, ఒకే పట్టిక ఉంటుంది. అందులో 5,000 రూపాయలకు 317, నెలలో 12వ తేదీకి 48, పంపే బ్రాంచికి 206 అని ఉందనుకుందాం. మూడూ కూడితే 571. తంతి మొదట్లో 571 వేస్తారు. అందుకున్న బ్రాంచి తన పట్టిక తీసి, అదే కూడిక వేసి, సరిపోతేనే డబ్బిస్తుంది. దారిలో ఎవడైనా 5,000ను 50,000 చేస్తే కూడిక కుదరదు. పట్టిక లేనివాడికి కొత్త సంఖ్య ఎంతో తెలియదు. తంతి మాటలు అందరికీ కనిపిస్తూనే ఉన్నా, అది పంపింది పట్టిక చేతిలో ఉన్నవాడేనని తేలిపోతుంది. ఒట్టి కూడిక కాబట్టి ఇందులో లోపముంది. తంతులు చాలా పోగేసుకుని ఓపిగ్గా కూర్చున్నవాడు పట్టికను కొంత కొంతగా బయటికి లాగగలడు. 1996లో బెలారే, కనెట్టి, క్రావ్‌చిక్ ప్రతిపాదించిన హెచ్‌మ్యాక్ ఇదే పనిని అలా లాగడానికి వీల్లేకుండా చేస్తుంది. మన ఫోన్లోని యాప్‌లు సర్వర్లకు పంపే సందేశాల్లో అది చాలా చోట్ల ఉంటుంది.

ఇక్కడో ప్రశ్న. అవతలి బ్రాంచి గుమాస్తా 571 చూసి డబ్బిచ్చాడు. అతడు నిజంగా కూడిక వేశాడా, తంతి మీద ఏదో ఒక సంఖ్య ఉంది కదా అని టిక్కు పెట్టేశాడా? నిజమైన తంతులే వస్తున్నంత కాలం ఈ ఇద్దరు గుమాస్తాలకూ తేడా కనపడదు. ఏళ్ళ తరబడి కనపడకపోవచ్చు. తేలాలంటే ఎవరో ఒకరు కావాలనే 572 అని వేసి పంపాలి, వెనక్కి వస్తుందో లేదో చూడాలి. సరైన తాళంచెవితో తలుపు తెరుచుకుంటే తాళం బాగున్నట్టు కాదు, పక్కింటి తాళంచెవితో తెరుచుకోకపోతేనే బాగున్నట్టు. నెట్‌వర్క్‌లో గుర్తింపు తనిఖీలను పరీక్షించే పనంతా నా దృష్టిలో ఇదే. అయినా జనం చేసేది దీనికి తలకిందులు. లాగిన్ అయిందా, అయింది, ఇంక ఇంటికి పోదాం.

పరీక్షకు పెద్ద సరంజామా అక్కర్లేదు. ఆదివారం అబిడ్స్ పేవ్‌మెంటు మీద దొరికే పాత లైనక్స్ పుస్తకం ఒకటి, ఓపిక ఉన్న పాత ల్యాప్‌టాప్‌లు రెండు మూడు చాలు. నల్లటి టెర్మినల్ తెర మీద ఆదేశాలు ఇంగ్లిష్‌లోనే కొట్టాలి గానీ, ఇక్కడ వాటిని పలికినట్టే రాస్తాను. బ్రౌజరు వదిలి టెర్మినల్ పట్టుకోవడానికి కారణముంది. బ్రౌజరు మర్యాదస్తురాలు, పాత పాస్‌వర్డులు గుర్తుపెట్టుకుంటుంది, తప్పులు కప్పిపుచ్చుతుంది, విఫలమైతే మళ్ళీ తనే ప్రయత్నిస్తుంది. టెర్మినల్‌కు ఆ మొహమాటం లేదు.

మొదట కెర్బరాస్‌తో చూద్దాం. 1978లో రోజర్ నీడం, మైఖేల్ ష్రోడర్ రాసిన పరిశోధన పత్రం మీద ఆధారపడి, 1983లో మొదలైన అథీనా ప్రాజెక్టు కోసం అమెరికాలోని ఎంఐటీలో తయారైన పద్ధతి ఇది. విండోస్ 2000 నుంచి మైక్రోసాఫ్ట్ కూడా దీన్నే తీసుకుంది. కాబట్టి విండోస్ డొమైన్ ఉన్న ఏ ఆఫీసులోనైనా పొద్దున్నే సీట్లో కూర్చుని పాస్‌వర్డ్ కొట్టే ప్రతి ఉద్యోగీ తెలియకుండానే కెర్బరాస్ వాడుతున్నాడు. ఇందులో పాస్‌వర్డ్ వైరు మీద ప్రయాణించదు. దాని నుంచి పుట్టించిన తాళంతో అప్పటి టైమును రహస్యలిపిలోకి మార్చి కేడీసీ అనే కేంద్ర సర్వరుకు పంపుతారు. కేడీసీ దగ్గరా అదే తాళం ఉంది కనుక విప్పి చూసుకుంటుంది, ఒక టికెట్ ఇస్తుంది. ఆ టికెట్ చూపించి మిగతా సర్వర్లకు వేరే టికెట్లు తెచ్చుకోవచ్చు.

ఎంఐటీ వాళ్ళు ఈ కెర్బరాస్‌తో పాటు రెండు బుల్లి ప్రోగ్రాములు ఇస్తారు: ఎస్‌క్లయింట్, ఎస్‌సర్వర్. పరీక్షకు తప్ప ఇంక దేనికీ పనికిరానివి. అందుకే నాకవి ఇష్టం. ఎస్‌సర్వర్ ఒక యంత్రం మీద 13135వ పోర్టులో కాచుకుని ఉంటుంది. ఇంకో యంత్రం మీద మీరు కినిట్ అని కొట్టి పాస్‌వర్డ్ ఇస్తారు. క్లిస్ట్ అంటే చేతిలో ఉన్న టికెట్లు, వాటి గడువు కనిపిస్తాయి. తర్వాత ఎస్‌క్లయింట్ అని కొట్టి సర్వరు పేరు ఇస్తారు. అటు నుంచి ఒక్కటే వాక్యం వస్తుంది: ‘యూ ఆర్’, ఆ వెంట మీ పేరు. నువ్వు ఫలానా అని. అంతే, ఫైలివ్వదు, తలుపు తెరవదు.

పేరు రాకపోతే ఏం వస్తుందనేది అసలు పాఠం. ‘కనెక్షన్ రెఫ్యూజ్డ్’ అని వస్తే గుర్తింపు గొడవే మొదలవలేదు, ఆ పోర్టులో వినేవాళ్ళు లేరు. ‘సర్వర్ నాట్ ఫౌండ్ ఇన్ కెర్బరాస్ డేటాబేస్’ అంటే మీ పేరు సరైనదే, మీరు అడిగిన సర్వరు పేరే కేడీసీ పుస్తకంలో లేదు. చాలాసార్లు ఆ యంత్రానికి రెండు పేర్లుండి, ఒకటి నమోదు చేసి ఇంకొకటి పిలిచినప్పుడు ఇలా జరుగుతుంది. తాళం వెర్షన్ నంబరు సరిపోలేదని వస్తే, సర్వరు తాళాన్ని కేడీసీలో మార్చారు గానీ కొత్త తాళం ఉన్న కీట్యాబ్ ఫైలును సర్వరు మీదికి ఎక్కించడం మరిచారు. ‘లాగిన్ అవట్లేదు సార్’ అనే ఒక్క ఫిర్యాదు వెనక ఇన్ని వేర్వేరు జబ్బులు.

‘క్లాక్ స్క్యూ టూ గ్రేట్’ అనేది వీటన్నిటికంటే వింత. టికెట్ చూపించేటప్పుడు దానితో పాటు ఇప్పటి టైము కూడా రహస్యలిపిలో వెళుతుంది. ఎవడైనా దారిలో దాన్ని నకలు తీసుకుని గంట తర్వాత మళ్ళీ ప్రయోగించకుండా ఈ కట్టడి. సర్వరు గడియారానికీ దానికీ ఐదు నిమిషాల కంటే ఎక్కువ తేడా ఉంటే మామూలుగా తోసిపుచ్చుతారు. దీన్ని కళ్ళారా చూడాలని చాలామంది తమ యంత్రం గడియారాన్నే పది నిమిషాలు ముందుకు జరుపుతారు, అయినా లాగిన్ అయిపోతుంది. ఎంఐటీ కినిట్ తెలివైనది, కేడీసీ టైముతో తన తేడా లెక్కగట్టి సర్దుకుపోతుంది. తప్పు పుట్టించాలంటే ఎస్‌సర్వర్ నడిచే యంత్రం గడియారాన్ని తిప్పాలి. అది కేడీసీ కాని వేరే యంత్రం అయి ఉండాలి.

ఇంకో పరీక్ష చెబుతాను, దీన్ని ఎగ్గొట్టేవాళ్ళే ఎక్కువ. టికెట్లు చేతిలో ఉండగానే కేడీసీలో ఆ వాడుకరిని తీసేయండి. ఎస్‌క్లయింట్ మళ్ళీ కొట్టండి. ‘యూ ఆర్ ఫలానా’ అనే వస్తుంది! ఆ సర్వీసు టికెట్ గడువు తీరేదాకా సర్వరు కేడీసీని మళ్ళీ అడగదు. ఉద్యోగంలోంచి తీసేసినవాడి అకౌంట్ పదకొండు గంటలకు మూసేశాం అని రిజిస్టరులో రాసుకోవచ్చు. టికెట్‌కు ఆ సంగతి తెలియదు. కేడెస్ట్రాయ్ అని కొట్టి టికెట్లు పారేసి చూస్తేనే తలుపు మూసుకున్నట్టు కనిపిస్తుంది. తప్పు తాళంచెవి పరీక్ష చేసే ముందు జేబులో పాత మంచి టికెట్ ఏదీ మిగలకుండా దులుపుకోవాలి, లేకపోతే అదే వెళ్ళి తలుపు తెరిచేస్తుంది.

ఎస్‌సర్వర్ ‘నువ్వు ఫలానా’ అని ఊరుకుంటుంది అన్నాను. ఫలానావాడికి ఏం చేసే హక్కుందో అది చెప్పదు. ఎవరు అనేది ఒక ప్రశ్న, ఏం చేయొచ్చు అనేది వేరే ప్రశ్న. ఈ రెంటినీ కలగలిపితే ఏమవుతుందో హైదరాబాదుకు బాగా తెలుసు. 1948 సెప్టెంబరులో పోలీస్ చర్య ముగిసి, నిజాం సైన్యం లొంగిపోయింది. ఆ వెంటనే, సెప్టెంబరు 20న, లండన్‌లోని వెస్ట్‌మిన్‌స్టర్ బ్యాంకులో ఉన్న హైదరాబాద్ సొమ్ము పది లక్షల పౌండ్లకు పైగా, అక్కడి పాకిస్తాన్ హైకమిషనర్ హబీబ్ ఇబ్రహీం రహీంతులా పేరుకు మారిపోయింది. మార్పించింది నిజాం మంత్రి మొయిన్ నవాజ్ జంగ్. ఖాతా నడపడానికి ఆయనకు అనుమతి ఉంది. బ్యాంకు చూసుకోవాల్సింది చూసుకుంది, మనిషి నిజమైనవాడే, కాగితాలు నిజమైనవే. వారం తిరిగేసరికి, 27న, ఇది నా అనుమతితో జరగలేదు, సొమ్ము వెనక్కివ్వండి అని నిజాం కబురు పంపాడు. బ్యాంకు కుదరదంది. కేసు 1957లో హౌస్ ఆఫ్ లార్డ్స్ దాకా వెళ్ళి, పాకిస్తాన్‌కు ఉన్న సార్వభౌమ రక్షణ దగ్గర ఆగిపోయింది. చివరికి 2019 అక్టోబరు 2న లండన్ హైకోర్టు, ఆ సొమ్ము ఏడో నిజాందేననీ, పాకిస్తాన్‌ది కాదనీ తీర్పు చెప్పింది. అప్పటికది వడ్డీతో దాదాపు మూడున్నర కోట్ల పౌండ్లయింది.

వెబ్ సర్వర్లు ఈ రెండు ప్రశ్నలకూ వేర్వేరు అంకెలు పెట్టుకున్నాయి. నువ్వెవరో తేలలేదు అనడానికి 401, నువ్వెవరో తేలింది గానీ ఇది నీకు వీల్లేదు అనడానికి 403. కర్ల్ అనే ఆదేశానికి హైఫన్ వి తగిలించి ఒక వెబ్ చిరునామా ఇస్తే, సర్వరుకూ మీకూ మధ్య జరిగిన సంభాషణంతా తెర మీద పడుతుంది, ఈ అంకెతో సహా. పరీక్షకు ముగ్గురు కావాలి. సరైన పాస్‌వర్డ్ ఉన్న హక్కుదారుడు ఒకడు, తప్పు పాస్‌వర్డ్ వాడొకడు, సరైన పాస్‌వర్డే ఉన్నా ఈ ఫైలు మీద హక్కు లేనివాడు ఇంకొకడు. మొదటివాడికి 200, రెండోవాడికి 401, మూడోవాడికి 403 రావాలి. మూడోవాడిని ఎవరూ పిలవరు. 1948 వ్యవహారంలో గండి పడింది ఆ మూడో పరీక్ష దగ్గరే. అన్నట్టు, కర్ల్‌కు పాస్‌వర్డును ఆదేశంలోనే రాయకండి, షెల్ హిస్టరీలో నెలల తరబడి పడి ఉంటుంది. పేరు మాత్రం ఇస్తే పాస్‌వర్డ్ అదే అడుగుతుంది.

ఈ పరీక్షలన్నీ మీ సొంత యంత్రాల మీద, లేదా అనుమతి రాసిచ్చినవాళ్ళ యంత్రాల మీద చేయాలి. మన సమాచార సాంకేతిక చట్టం, 2000లో 43వ సెక్షను అనుమతి లేకుండా పరాయి కంప్యూటర్లోకి చొరబడడాన్ని తప్పంటుంది. అది దురుద్దేశంతో చేసిందైతే 66వ సెక్షను కింద మూడేళ్ళ దాకా జైలు. ఉత్సాహం ఎక్కువైనవాళ్ళకు నాంపల్లి కోర్టు దగ్గరే ఉంది.

ఇప్పటిదాకా సర్వరు మనల్ని గుర్తుపట్టడం గురించి మాట్లాడాం. మనం సర్వరును గుర్తుపట్టడం ఇంకా ముఖ్యం, ఎందుకంటే మోసపోయేది ఎక్కువగా మనమే. వెబ్‌సైట్ తన పేరు నిజమని రుజువు చేసుకోవడానికి సర్టిఫికెట్ చూపిస్తుంది. దాన్ని బ్రౌజరు చాటు లేకుండా చూడాలంటే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో ఎస్-క్లయింట్ అనే ఆదేశం ఉంది, ఇది కెర్బరాస్ ఎస్‌క్లయింట్ కాదు, వేరేది. సైటు పేరు, 443వ పోర్టు ఇస్తే సర్టిఫికెట్ల గొలుసంతా దొర్లుకుంటూ వచ్చి, చివర్లో ‘వెరిఫై రిటర్న్ కోడ్: 0, ఓకే’ అని పడుతుంది. సున్నా అంటే బాగున్నట్టు. గడువు తీరినదైతే 10, తన సర్టిఫికెట్ మీద తానే సంతకం పెట్టుకున్నదైతే 18.

దీని మీద కూడా తప్పు తాళంచెవి ప్రయోగించండి. బ్యాడ్ ఎస్‌ఎస్‌ఎల్ డాట్ కామ్ అని ఒక సైటుంది. తప్పుడు సర్టిఫికెట్లను పరీక్షల కోసం కావాలనే అక్కడ వరసగా పేర్చి పెట్టారు. అందులో ‘రాంగ్ డాట్ హోస్ట్’ అనే చిరునామాలో ఉన్న సర్టిఫికెట్ అసలైనదే గానీ ఆ పేరుకు రాసింది కాదు. దాని మీద రాసింది ‘నక్షత్రం గుర్తు డాట్ బ్యాడ్ ఎస్‌ఎస్‌ఎల్ డాట్ కామ్’ అని. ఆ నక్షత్రం గుర్తు పేరులో ఒక్క అంతస్తుకే చెల్లుతుంది, ఇక్కడ రెండున్నాయి. బ్రౌజరు దాన్ని చూడగానే హెచ్చరిక తెర వేస్తుంది. ఎస్-క్లయింట్ మాత్రం తాపీగా 0, ఓకే అంటుంది! సంతకాల గొలుసు చూడమన్నారు, చూసింది. పేరు కూడా పోల్చమని ‘వెరిఫై హోస్ట్‌నేమ్’ అనే అదనపు ముక్కతో చెబితేనే 62, పేరు కుదరలేదు, అంటుంది. ఇంకో సంగతి, గొలుసులో తప్పు దొరికినా అది కనెక్షన్ తెంచదు, హెచ్చరించి ముందుకు పోతుంది. ఇది రోగం కనుక్కునే పనిముట్టు, కాపలాదారు కాదు. ‘వెరిఫై రిటర్న్ ఎర్రర్’ అని జతచేస్తే తెంచుతుంది.

పేరు కుదరడం వల్ల కూడా అంతా అయిపోదు. బ్యాంకు పేరులో ఒక అక్షరం మార్చి డొమైన్ కొన్నవాడికి కూడా ఆ మార్చిన పేరు మీద నికార్సయిన సర్టిఫికెట్ వస్తుంది. 2015 నుంచి లెట్స్ ఎన్‌క్రిప్ట్ వాటిని ఉచితంగానే ఇస్తోంది. వాడి సైటుకూ కోడ్ 0 వస్తుంది, తాళం బొమ్మా వస్తుంది. సర్టిఫికెట్ తేల్చేది ఈ సర్వరు ఆ పేరుదే అని, ఆ పేరు మంచిదని కాదు. ఈ కంతను పూడ్చడానికి రిజర్వు బ్యాంకు 2025లో మన బ్యాంకులన్నిటినీ ‘డాట్ బ్యాంక్ డాట్ ఇన్’ అనే తోకలోకి మారమంది, అక్టోబరు 31 గడువు పెట్టింది. ఆ తోకతో పేర్లు ఇచ్చే ఏకైక రిజిస్ట్రారు మన ఊళ్ళోనే ఉంది. రిజర్వు బ్యాంకు 1996లో పెట్టిన ఐడీఆర్‌బీటీ, మాసబ్‌ట్యాంక్ క్యాజిల్ హిల్స్‌లో, గన్‌ఫౌండ్రీ నుంచి ఆటో దూరం. బ్యాంకు కానివాడికి అక్కడ పేరు దొరకదు, కాబట్టి పేరు తోకకు కూడా కొంత అర్థం వచ్చింది. ఎస్‌ఎంఎస్‌లో వచ్చిన లింకు మీద వేలు పెట్టే ముందు చివరి రెండు ముక్కలు చూడమని ఇంట్లో పెద్దవాళ్ళకు చెప్పడం తేలికైంది.

ఇక రెండువైపులా సర్టిఫికెట్లు అడిగే పద్ధతి ఉంది, సర్వరే క్లయింటును కూడా ‘నీ సర్టిఫికెట్ ఏది’ అంటుంది. కంపెనీల సర్వర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునేటప్పుడు ఇదే వాడుక. ఇంట్లో ప్రయోగానికి ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లోనే ఎస్-సర్వర్ ఉంది. అందులో ‘వెరిఫై’కి చిన్న వి వాడితే సర్టిఫికెట్ అడుగుతుంది, ఇవ్వకపోయినా రానిస్తుంది. పెద్ద వి వాడితే ఇవ్వనివాడిని గెంటుతుంది. ఒక్క అక్షరం తేడాతో కాపలా ఉందా లేదా అన్నది మారిపోతుంది. సర్టిఫికెట్ ఉన్నవాడితో మాత్రమే పరీక్షించినవాళ్ళకు ఈ తేడా ఎన్నటికీ కనపడదు. పెద్ద వి పెట్టినా, ఎవరో ఊరూపేరూ లేనివాడు తనకు తాను రాసుకున్న సర్టిఫికెట్ తెస్తే, ఈ ఎస్-సర్వర్ గొణిగి రానిస్తుంది. దానికీ ‘వెరిఫై రిటర్న్ ఎర్రర్’ చెప్పాలి. అంటే ఖాళీ చేతులతో ఒకసారి, దొంగ సర్టిఫికెట్‌తో ఒకసారి, అసలుతో ఒకసారి.

ఈ సర్టిఫికెట్ల పలకరింపును నడిపే నియమావళి పేరు టీఎల్‌ఎస్. దాని 1.3 వెర్షన్ వచ్చాక ఫలితం చదవడంలో కొత్త చిక్కొకటి వచ్చింది. వేగం కోసం ఇందులో పలకరింపును కుదించారు. క్లయింటు తన వంతు సందేశం పంపగానే తన వరకు పని అయిపోయిందనుకుంటుంది, సర్వరు అప్పటికి దాని సర్టిఫికెట్ చూసి కూడా ఉండదు. కాబట్టి ఖాళీ చేతులతో వెళ్ళినా మీ తెర మీద అంతా సవ్యంగా కుదిరినట్టే పడుతుంది. ఏదైనా చదవబోయినప్పుడు అటు నుంచి 116 అనే అలర్టు వస్తుంది, సర్టిఫికెట్ తప్పనిసరి అని. కనెక్ట్ అయింది కదా అని అక్కడే క్యూ నొక్కి బయటికి వచ్చేవాళ్ళు పరీక్ష పాసైందని రాసేసుకుంటారు. ఒక్క లైనైనా పంపి, జవాబు అందుకుని, సర్వరువైపు లాగ్ కూడా తెరిచి చూసుకుంటేనే లెక్క.

ఇవన్నీ రోజూ చేత్తో చేయడం ఎవరి వల్లా కాదు, స్క్రిప్టులో రాసి రాత్రిపూట నడిపించుకోవాలి. ప్రతి ఆదేశం ముగిశాక ఒక సంఖ్య వదిలి వెళుతుంది, డాలరు గుర్తు, ప్రశ్నార్థకం కలిపి కొడితే కనిపిస్తుంది. స్క్రిప్టులో మంచి చిరునామాతో పాటు బ్యాడ్ ఎస్‌ఎస్‌ఎల్‌లోని గడువు తీరిన చిరునామాను కూడా కర్ల్‌కు ఇవ్వండి. మొదటిదానికి 0 రావాలి, రెండోదానికి 60 రావాలి. రెండింటికీ 0 వస్తే, ఎప్పుడో హడావుడిలో ఎవరో సర్టిఫికెట్ తనిఖీ మానేయమని కర్ల్‌కు చెప్పిపోయారన్నమాట. ముందు స్క్రిప్టులో హైఫన్ కె కోసం వెతకండి. అక్కడ లేకపోతే హోమ్ ఫోల్డరులో చుక్కతో మొదలయ్యే కర్ల్-ఆర్‌సీ ఫైలు తెరవండి, ‘ఇన్‌సెక్యూర్’ అన్న ఒక్క లైను అందులో ఉండవచ్చు.